సాక్షి లేని వింత

ఆష్‌బర్న్, వర్జీనియా
12 నవంబర్ 2023

తాతకు గౌసియా సలాం.

నీ కవరు చేరింది. పైన మీరావలి బావ పేరు రాసి, దాని కింద నా పేరు కూడా రాశావు. ఈ దేశంలో నా పేరున వచ్చిన మొదటి కాగితం ఇదే. మిగతావన్నీ బావకే వస్తాయి, లేదంటే "ఈ ఇంట్లో ఉండేవారికి" అని వస్తాయి.

వీడియోలో నేను మాట్లాడుతుంటే నువ్వు నవ్వుతూ తల ఊపుతావు. ఒక్క ముక్కా వినపడదని నాకు తెలుసు. అందుకే ఉత్తరమే నయం. ఏడో తరగతితో ఆగినా నా చేతిరాత బాగుంటుందనేవాడివి. ఇక్కడ దానితో పని పడలేదు. సరుకుల చీటీ కూడా బావ ఫోన్‌లోనే రాసుకుంటాడు.

వింతల కితాబును ఉర్దూ నుంచి తెలుగులోకి దించుతున్నావని చదివి సంతోషించాను. చిన్నప్పుడు దూది ఏకడం ఆపి మరీ చదివి చెప్పేవాడివి. భూమి ఎద్దు కొమ్ము మీద ఉంది, ఎద్దు చేప మీద, చేప నీళ్ళ మీద, నీళ్ళు గాలి మీద, గాలి చీకటి మీద. చీకటి దేని మీద తాతా అంటే, "అది అల్లాకే ఎరుక, పోయి పరుపు గలీబులు మడత పెట్టు" అనేవాడివి.

పడమటి దేశాల అధ్యాయాన్ని చెదలు తినేశాయనీ, ఆ ఖాళీలోకి ఇక్కడి వింతలు నేను రాసి పంపాలనీ అడిగావు. నీ షరతులు గుర్తున్నాయి. కళ్ళతో చూస్తే చూశానని రాయాలి. వింటే చూసినవాళ్ళ పేరు రాయాలి. సాక్షి లేని మాట కితాబులోకి ఎక్కదు. రాసేవాళ్ళు తమ గోడు అందులో కలపకూడదు. ఓడ మునిగి అన్నదమ్ములు పోయినా సరే, ఒడ్డుకు చేరిన నావికుడు తిమింగలం గురించే చెప్పాలంటావు.

ముందు నా గోడు నాలుగు వరుసల్లో రాసేస్తాను. నేను ఒక్కదాన్నే ఉంటాను. బావకు పన్నెండు గంటల షిఫ్టు. వచ్చి తిని పడుకుంటాడు. ఉప్పు సరిపోయిందా అంటే సరిపోయింది అంటాడు. నిఖా అయిన దగ్గర్నుంచీ కోపం లేదు, మాట లేదు.

ఇక వింత. దీన్ని చూసింది నేనే.

ఈ ఊళ్ళో కిటికీలు లేని ఇళ్ళు ఉన్నాయి. ఒక్కొక్కటి మన చీరాల రైల్వే స్టేషనంత పొడవు. వాటిలో మనుషులు కాపురం ఉండరు. లోపల వేల యంత్రాలు అరల్లో కూర్చుని ఉంటాయట. లోకంలో అందరి ఫొటోలూ మాటలూ వాటి కడుపులో దాచి ఉన్నాయట. ఇది మీరావలి బావ చెప్పాడు, అతను పని చేసేది అందులోనే. ఆ ఇల్లు పగలూ రాత్రీ తేనెపట్టులా మూలుగుతుంది. చుట్టూ తిరిగినా లోపలికి చూసే చోటు దొరకదు. అందరి మాటలూ దాచుకుంది గాని, దగ్గరికి వెళ్ళి నిలబడినవాళ్ళతో ఒక్క మాట అనదు. బావతో వెళ్ళినప్పుడు గోడ మీద చెయ్యి పెడితే వెచ్చగా ఉంది. అంత వెచ్చగా ఉండి ఎందుకు పలకదో చెప్పేవాళ్ళు లేరు.

నీ మనవరాలు,
గౌసియా


చీరాల
6 డిసెంబర్ 2023

బంగారుతల్లి గౌసియాకు తాత దస్తగిరి దువా.

నీ వింత అందరినీ కట్టిపడేసింది. పరుపుల కొట్టు ముందు బల్ల మీద కూర్చునేవాళ్ళకు రెండుసార్లు చదివి వినిపించాను. "కిటికీ లేకపోతే లోపల వాళ్ళకి గాలెట్టా ఆడుద్ది?" అని ఒకడు. "మా అత్తగారిల్లు చూళ్ళేదా నువ్వు? తలుపు కూడా ఉండదు" అని ఇంకొకడు. వాళ్ళ నోళ్ళు కదలడం చూసి నేనూ నవ్వాను. తర్వాత పలక మీద రాయించుకుని మళ్ళీ నవ్వాను.

పైనున్న నీ నాలుగు వరుసలు విడిచిపెట్టి మిగతాది మంచి సిరాతో ఎక్కించాను. షరతు షరతే. "వెచ్చగా ఉండి ఎందుకు పలకదు" అన్న మాట దగ్గర కలం ఆగిపోయింది. పాత పండితులు కూడా ఇంత బాగా రాయలేదు. కింద "అల్లాకే ఎరుక" అని ముగించాను.

ఈ వారం ఖాఫ్ కొండ భాగం దించుతున్నాను. భూమి చుట్టూ ఉంగరంలా పచ్చల కొండ ఉందట. దాని నీడ పడబట్టే ఆకాశానికి ఆ రంగు వచ్చిందట. ఆ కొండ అవతల ఏముందో చూసి వచ్చినవాడు లేడు. నువ్వు అటువైపే ఉన్నావు గనక కనపడితే రాయి.

నీ అత్త సైదమ్మ కులాసా. కొడుకూ కోడలూ బాగున్నారని ఊరంతా చెప్పుకుంటోంది.

మీ ఇద్దరికీ తాతనైనందుకు మురిసిపోతూ,
దస్తగిరి


ఆష్‌బర్న్
2 జనవరి 2024

తాతకు సలాం.

ఈసారి నా సంగతి ఏమీ కలపలేదు. నీకు విడిచిపెట్టే శ్రమ ఉండదు.

ఒళ్ళు లేని గొంతు. దీన్ని నా చెవులతో విన్నాను.

బావ కారులో ఒక ఆడమనిషి గొంతు ఉంటుంది. ఎటు వెళ్ళాలో చెబుతుంది. కుడికి అంటే బావ కుడికి తిప్పుతాడు, ఎడమకి అంటే ఎడమకి. ఆమె ఇంగ్లీషులో నాకు ఆ రెండు మాటలే తెలుసు. మొన్న సరుకుల కోసం వెళ్తూ బావ ఏదో ఆలోచనలో మలుపు దాటేశాడు. ఆమె విసుక్కోలేదు. కాస్త ఆగి, కొత్త దారి చెప్పింది. బావ ఆమెకు ఎన్నడూ జవాబివ్వడు. అయినా ఆమె నొచ్చుకోదు, మానదు. ఇల్లు రాగానే వచ్చేశామని చెప్పి ఊరుకుంటుంది. వెళ్ళి వచ్చినంతసేపూ ఆ కారులో మాట్లాడింది ఆమె ఒక్కతే.

అంత ఓపిక ఎక్కడిదో తెలియదు.

గౌసియా


చీరాల
25 జనవరి 2024

గౌసియాకు తాత దువా.

ఆ గొంతు ఎవరిదో నాకు తెలిసిపోయింది. కితాబులో జిన్నుల అధ్యాయం ఉంది. పొగ లేని నిప్పుతో పుట్టినవాళ్ళు. కొందరు ఎడారిలో దారి తప్పిన బిడారుల ముందు నడుస్తూ పిలుస్తారు. మంచిది అయితే ఊరు చేరుస్తుంది, చెడ్డది అయితే ఇసుకలో వదిలేస్తుంది. ఇంటికి చేరుస్తోంది గనక మీది మంచిదే. ఈసారి సలాం చెప్పి చూడు.

అయితే ఒక మాట. ఇల్లూ గొంతూ రెండూ మనిషి చేసుకున్నవి. నాకు జీవాలు కావాలి. కితాబులో తాబేలు ఉంది, వీపు మీద చెట్లు మొలిచేంత ముసలిది. నావికులు దీవి అనుకుని దిగి పొయ్యి రాజేస్తే, వీపు కాలి నీళ్ళలో మునిగింది. సమందర్ ఉంది, నిప్పులో పుట్టి నిప్పులోనే బతికేది. అట్లాంటిది ఒక్కటి పంపు. ఇంట్లో కూర్చుంటే అవి రావు. బయటికి వెళ్ళి చూడు.

వీడియోలో కోడలు తల ఎత్తదని సైదమ్మ అంటోంది. సిగ్గు మంచిదేలే అన్నాను. తర్వాత ఎందుకో ఆ మాట మనసులో మెదులుతోంది.

దస్తగిరి


ఆష్‌బర్న్
3 మార్చి 2024

తాతకు సలాం. నీ అధ్యాయానికి జీవి దొరికింది.

ఇక్కడి అడవిలో ఒక కప్ప ఉంది. బెరడు రంగు, బొటనవేలంత. చలికాలం రాగానే రాలిన ఆకుల కిందికి చేరుతుంది. గోయి తవ్వుకోదు, నీళ్ళ అడుక్కి పోదు, ఉన్నచోటే ఉంటుంది. మంచు పడేకొద్దీ ఒళ్ళు గడ్డకడుతుంది. ఊపిరి ఆగుతుంది. గుండె ఆగుతుంది. ముట్టుకుంటే రాయి. పైన నడిచేవాళ్ళు ఆకులనుకుని తొక్కిపోతారు. చచ్చిపోయిందని చెప్పడానికి ఏ లోటూ ఉండదు. కానీ చావలేదు. ఎండ తగిలితే లేస్తుంది.

దీనికి సాక్షి లేదు. గడ్డకట్టినప్పుడు ఎవరూ చూడలేదు. అయినా నిజమని నాకు తెలుసు.

వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. ఇక రాయలేను.

గౌసియా


చీరాల
20 మార్చి 2024

నా తల్లీ,

నీ ఉత్తరం బల్ల మీదివాళ్ళకు చదవలేదు. కితాబులోకి ఎక్కించలేదు.

షరతు నీకు బాగా తెలుసు. తెలిసి కూడా సాక్షి లేదు, అయినా నిజమని రాశావు. మనిషి సాక్షి లేకుండా నిజమని చెప్పగలిగేది ఒక్కటే, తన గుండె సంగతి. నాకు ఇంతకాలం చెవులే పోయాయనుకున్నాను.

నువ్వు లంగాజాకెట్ వేసుకుని తిరిగే రోజుల్లోనే సైదమ్మకు మాటిచ్చాను, నీ కొడుక్కి నా మనవరాలే అని. పెద్ద చదువు చదివి అంత దూరం వెళ్ళినవాడు ఆ మాట దాటలేదని గర్వపడ్డాను. నిన్ను అడగలేదు. మాట నిలబెట్టుకోవడానికి నిన్ను మంచులో పూడ్చాను.

సైదమ్మ చేత ఫోన్ చేయిస్తున్నాను. ఎండ తగిలితే లేస్తుందని రాశావు. ఆ ఎండ ఇక్కడ బోలెడంత ఉంది. వచ్చెయ్యి.

తాత


ఆష్‌బర్న్
24 మార్చి 2024

తాతకు,

నీ ఉత్తరం ఇంకా రాలేదు. అది చేయాల్సిన పని మాత్రం అయిపోయింది.

మొన్న మధ్యాహ్నం బావ సెలవులో ఉన్నాడు. ఫోన్ స్పీకర్‌లో అత్త అరుస్తోంది. "ఏరా మీరావలీ, పిల్లనేం చేశావురా? మంచులో శవంలాగ పడుందంట! గుండె ఆగిపోయిందని రాసిందంట! రోజా విప్పినాక మీ తాత ఖర్జూరం ముక్క కూడా ముట్టుకోలా!"

బావ ఫోన్ పెట్టేసి నా వైపు చూశాడు. "అలా రాశావా?"

"కప్ప గురించి రాశాను."

"కప్పా?"

"ఊఁ."

నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. ల్యాప్‌టాప్ తెరిచి ఏవో మీటలు నొక్కాడు. "పండగయ్యాక టికెట్ బుక్ చేశాను. ఇక్కడ నలిగిపోవడం ఎందుకు? వెళ్ళు." అంతే అన్నాడు.

తాతా, నా మీద నాకే కోపం వస్తోంది. నీ మీద అంతకన్నా ఎక్కువ వస్తోంది. ఇంతవరకూ పెద్దవాళ్ళకు ఇలా రాయలేదు. రాస్తున్నాను.

బయటికి వెళ్ళి చూడమన్నావు కదా. కింది ఫ్లాట్‌లో వసంతలక్ష్మి గారని ఒకామె ఉన్నారు, కర్నూలు వాళ్ళు. చెత్త పారేసేచోట ఎదురై, "ఏంటమ్మా, రోజూ బాల్కనీలో నిలబడి చూస్తుంటావు, ఎటూ వెళ్ళవేం? రా, ట్రైల్‌కి వెళ్దాం, నేను డ్రైవ్ చేస్తా" అన్నారు. బావ లేకుండా నేను ఈ బిల్డింగ్ దాటి వెళ్ళడం అదే మొదలు. అడవిలో బాతులు గుంపుగా అరుస్తున్నట్టు చప్పుడు. గుంట దగ్గరికి వెళ్తే ఒక్క బాతు లేదు. "డక్స్ కాదమ్మా, ఫ్రాగ్స్! వింటరంతా ఫ్రీజ్ అయిపోతాయంట, హార్ట్ కూడా స్టాప్. ఎండ తగిలితే మళ్ళీ స్టార్ట్. బోర్డ్ మీద రాశారు చూడు." మీరు గడ్డకట్టినప్పుడు చూశారా అని అడిగాను, నీ షరతు కోసం. "నేనెక్కడ చూస్తాను? ఆకుల కింద ఉంటాయిగా" అని నవ్వేశారు. అందుకే సాక్షి లేదని రాశాను. నా షికారు నా సొంత సంగతి గనక రాయలేదు. చలిగాలిలో తిరిగొచ్చి, గ్లోవ్స్ లేక వేళ్ళు కొంకర్లు పోయి, అయినా ఆగలేక వెంటనే రాశాను. ఇక్కడికొచ్చాక అంత సంతోషం నాకు ఎప్పుడూ కలగలేదు.

బాధతో రాసిన ఇల్లు నీకు వింతలా కనపడింది. సంతోషంతో రాసిన కప్ప శవంలా కనపడింది.

టికెట్ వెళ్ళడానికి మాత్రమే ఉంది. రావడానికి లేదు. "రిటర్న్ తీసుకోలేదా? మళ్ళీ రావాలంటే వీసా స్టాంపింగ్‌కి డేట్స్ దొరకడం కష్టమమ్మా" అన్నారు వసంతలక్ష్మి గారు. వెళ్తే బావ మళ్ళీ పిలవడు. ఉంటానందామంటే, నా చిన్నప్పుడు నువ్వు అత్తకిచ్చిన మాట కోసం నన్ను మోస్తున్నవాడి మీద ఇంకా బరువు వేసినట్టు అవుతుంది. ఒక్కటి చెప్పు. బావ నన్ను నీ మాట కోసమే చేసుకున్నాడా? నీకు తెలిసే ఉంటుంది. అది తెలిస్తే ఉండాలో వెళ్ళాలో నాకు తేలుతుంది.

ఇక్కడ రంజాన్ రోజాలు మొదలై రెండు వారాలవుతోంది. బావ ఇఫ్తార్ పనిలోనే. ఖర్జూరం గింజ ఒక్కటే ఉంటుంది నా పళ్ళెంలో.

గౌసియా


చీరాల
12 ఏప్రిల్ 2024

గౌసియాకు,

నిన్న పండగ. సేమ్యా తిన్నాను, నీకు దిగులు వద్దు. నీ ఉత్తరం ఇవాళ చేరింది. చదివి సైదమ్మకు చూపించాను. అది తల కొట్టుకుని, "కప్పంట! ఒట్టి కప్పంట!" అని ఏడ్చి, నవ్వి, మళ్ళీ ఏడ్చింది. మీరావలికి తిరిగి ఫోన్ చేస్తానంటే నేనే ఆపాను. ఒకసారి మధ్యలో దూరి చేసిన నిర్వాకం చాలు.

నువ్వు అడిగినదానికి జవాబు. నేను మాటిచ్చింది నిజం, నా నోటితో ఇచ్చాను. వాడు దాని కోసమే చేసుకున్నాడా? నాకు తెలియదు. అడగలేదు. సరేనన్నాడు, దాన్నే నాకు కావలసినట్టు అర్థం చేసుకున్నాను. ఊహించి చెప్పమంటే చెబుతాను. ఒకసారి ఊహించి ఏం చేశానో చూశావుగా.

ఆ సంగతికి సాక్షి లోకంలో ఒక్కడే. నీ ఇంట్లోనే ఉన్నాడు. ఇక్కడికి వేల మైళ్ళ దూరం ఉత్తరం రాసి అడిగావు, అక్కడ నాలుగు అడుగులు వేసి అడగలేవా తల్లీ? అడగడం నీకు ఎంత కష్టమో తెలుసు. అట్లా పెంచింది మేమే.

ఈ కాగితం టికెట్ రోజుకు ముందే చేరాలని తపాలాఫీసులో ఎక్కువ బిళ్ళలు అంటించాను. నువ్వు వచ్చినా, రాకపోయినా, నీ సంగతులు నాకు రాయి. కితాబు పక్కన పెట్టాను.

తాత


ఆష్‌బర్న్
30 ఏప్రిల్ 2024

తాతకు గౌసియా సలాం.

నీ ఉత్తరం టికెట్‌కు ముందు రోజు చేరింది. అప్పటికి పెట్టె సర్దేశాను. వసంతలక్ష్మి గారు మన ఊళ్ళో పిల్లలకని చాక్లెట్లు ఇచ్చి కౌగిలించుకుని వెళ్ళారు. బావ పెట్టె బరువు చూస్తున్నాడు. నేను వంటింటి గుమ్మంలో నిలబడి, అతని వీపునే అడిగాను.

"బావా, తాత మాట కోసమే నన్ను చేసుకున్నావా?"

అతను పెట్టె దించేశాడు. "తాత చెప్పినవన్నీ చేసేవాణ్ణయితే ఈపాటికి పరుపుల కొట్లో దూది దులుపుతుండేవాణ్ణి."

అది జవాబో కాదో నాకు తేలలేదు. అప్పుడు అతను ఇటు తిరిగాడు. "నేనొకటి అడగనా? నిఖా రోజు ఎందుకంతలా ఏడ్చావు? ఎవరూ ఆపలేకపోయారు. ఇష్టం లేని పిల్లని కూర్చోబెట్టారని ఆ రోజే అనుకున్నా. అందుకే నీ జోలికి రాలేదు. ఎప్పుడైనా నువ్వే నోరు తెరిచి వెళ్తానంటావేమోనని చూస్తున్నా."

"ముక్కు" అన్నాను.

"ఏంటి?"

"అత్త వాళ్ళ నత్తు పెట్టాలని వారం ముందే ముక్కు కుట్టించారు. చీము పట్టింది. వచ్చినవాళ్ళంతా బుగ్గలు పుణుకుతుంటే ప్రాణం పోయింది. పెళ్ళిలో ముక్కు నొప్పని ఎవరికి చెప్పను?"

బావ పెట్టె మీద కూలబడ్డాడు. "ముక్కా! రెండేళ్ళు... ముక్కు కోసమా?" అని నవ్వడం మొదలుపెట్టాడు. నాకూ వచ్చింది. కొంతసేపటికి అతను నవ్వుతున్నాడో లేదో తెలియలేదు, మొహం చేతుల్లో పెట్టుకున్నాడు.

"నాకు ఇష్టం లేదని నువ్వే అనుకుంటే ఎట్లా? అడగొచ్చుగా" అన్నాను. నా గొంతు అంత గట్టిగా నేనెప్పుడూ వినలేదు.

"నువ్వు చెప్పొచ్చుగా."

నేను వెళ్ళడం లేదని చెప్పాను. అతను ఊఁ అని, ఫోన్ తీసి టికెట్ క్యాన్సిల్ చేశాడు.

తర్వాత అన్నీ మారిపోయాయనుకోకు. మర్నాడు పొద్దున్నే షిఫ్టుకి వెళ్ళిపోయాడు. ఇల్లు ఎప్పటిలాగే ఉంది. సాయంత్రం నా విమానం వేళకి బాల్కనీలో నిలబడ్డాను. విమానాశ్రయం దగ్గరే గనక అవి మా కప్పుల మీదుగానే లేస్తాయి. ఒకటి చాలా కిందుగా వెళ్ళింది. నేను ఎక్కాల్సింది అదేనేమో. ఎక్కి ఉంటే ఇంతసేపూ ఏడుస్తూ ఉండేదాన్ని. ఎక్కనందుకూ కాస్త ఏడ్చాను.

ఇప్పటికి నాలుగు రోజులు. పెట్టె తలుపు పక్కనే ఉంది. ఇంకా విప్పలేదా అని బావ నిన్న అడిగాడు. విప్పుతాలే అన్నాను. అసలు సంగతి అతనికి తెలియదు. వచ్చిన రోజు నుంచీ నా బట్టలు ఆ పెట్టెలోనే ఉన్నాయి. అందులోంచే తీసి కట్టుకుని, ఉతికి మళ్ళీ అందులోనే మడత పెట్టుకునేదాన్ని. అల్మారా నిండా అతని చొక్కాలు. నాకు ఒక అర కావాలని ఎప్పుడూ అడగలేదు.

అతను వచ్చే వేళయింది. మెట్ల మీద చప్పుడు వినపడుతోంది. ఇవాళ అడుగుతాను.

గౌసియా